కట్టు కూడా లేదేంటి?

మార్చి 4

బుల్లీ,

నీ ఇంట్లో నేను పదకొండు నిమిషాలు కూర్చున్నాను. గడియారం చూసుకుని చెప్పడం లేదు. నా వెంట వచ్చిన అధికారి చేతిలో కార్యక్రమం కాగితం ఉందే, అందులోనే అలా అచ్చయింది: "సోదరి గారి నివాసం, 11 నిమిషాలు." నువ్వు టీ కాచి గ్లాసు చేతికిచ్చేసరికి ఏడు అయిపోయాయి. పొగలు కక్కే టీని మిగిలిన నాలుగు నిమిషాల్లో గొంతులో పోసుకుని కారెక్కాను. నాలుక ఇంకా మండుతోంది. రెండేళ్ల తర్వాత చెల్లెలి గడప తొక్కిన అన్న చేసిన నిర్వాకం ఇదీ.

నాకన్నా ముందు తనిఖీకి వచ్చిన పోలీసు కుక్క నీ బల్ల మీది ప్రూఫు కాగితాలన్నీ వాసన చూసి తుమ్మింది కదా, అది తలుచుకుంటే మాత్రం నవ్వాగడం లేదు. ప్రభుత్వ ముద్రణాలయంలో ఇరవై ఏడేళ్లుగా నువ్వు దిద్దుతున్న ఉత్తర్వుల మీద అంత నిజాయితీగా అభిప్రాయం చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరాలేంటని అడుగుతావేమో. ఈ ఇంట్లో ఫోనెత్తితే ముందు ఒక అమ్మాయి "ఎవరికి కలపమంటారండీ?" అంటుంది. కలిపాక కూడా మధ్యలో ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు. నీతో నా మోకాలి నొప్పి గురించి చెప్పుకోవడానికి మూడో మనిషి ఎందుకు? ఉత్తరమైతే మా తోటమాలి ఇంటికెళ్తూ డబ్బాలో వేస్తాడు.

మీ వదిన అధ్యక్షురాలై ఐదు నెలలు. ఆమెకు ఊపిరాడనంత పని. నాకేమో ఒక గది, ఒక కార్యదర్శి, వారానికి నాలుగు ప్రారంభోత్సవాలు. జీతం లేదు, రాజ్యాంగంలో నా ఊసే లేదు. నన్ను ఏమని పిలవాలో ఎవరికీ తెలియదు. మొన్న ఒక కాలేజీ ప్రిన్సిపాలు మైకు ముందు తడబడి తడబడి "అధ్యక్షురాలి... వారు" అన్నాడు. నా పశువుల ఆసుపత్రికి తాళం వేయించారు. జబ్బు కుక్కతో పాటు అర్జీ కూడా తెస్తారని భయమట. భయం నిజమే. ఆఖరి వారంలో ఒకాయన నిక్షేపంలాంటి పిల్లిని బుట్టలో తెచ్చాడు. పిల్లి కింద దరఖాస్తు ఉంది.

మీ ఊరి జూ బాగుంది. అక్కడి ముసలి ఏనుగుకి ముందు కాలి మీద పుండు. చూసి ఒక మాట అన్నాను. విలేకరులు రాసుకున్నారు. మర్నాటి పేపరు చూశావా? "డాక్టరు కన్ను" అని శీర్షిక పెట్టారు. ఐదు నెలల్లో నన్ను డాక్టరని అన్నది ఇదే మొదటిసారి. ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాను. నవ్వకు.

నీ వంటింటి కప్పు కారుతున్నట్టుంది. మూలన గిన్నె పెట్టావు. నేను చూడలేదనుకున్నావేమో.

నీ అన్నయ్య

*

మార్చి 12

అన్నయ్యా,

ఉత్తరం అందింది. నాలుకకి తేనె రాసుకో. నా కళ్లు బాగానే ఉన్నాయి, అద్దాలు మార్చాను.

పేపరు చూశాను. ప్రెస్సులో అందరూ చూశారు. ఫోర్‌మన్ గారు నా బల్ల దగ్గరికి తెచ్చి మరీ చూపించారు.

జూలో ఎవరెవరు కనిపించారో నువ్వు రాయలేదు.

చెల్లెలు

*

మార్చి 20

బుల్లీ,

ఇంత చిన్న ఉత్తరం నువ్వు జన్మలో రాయలేదు. కింద "చెల్లెలు" అని సంతకం! ఆ పదకొండు నిమిషాల మీద కోపమని అర్థమైంది. కోపం రావాల్సిందే. నా కార్యదర్శితో గట్టిగా చెప్పాను, ఈసారి మీ ఊరొస్తే చెల్లెలి ఇంట్లో పూట భోజనం చేసి కానీ కదలనని. ఆయన డైరీ తీసి "ఎన్ని నిమిషాలు రాయమంటారు సార్?" అన్నాడు.

జూలో ఎవరు కనిపించారంటావేంటి? డైరెక్టరు, మేయరు, మేయరు భార్య, ఆవిడ టోపీ. ఆ టోపీ వెనక ఎవరున్నా కనిపించే వీల్లేదు. ఆ తర్వాత ఏనుగు. ఇంకెవరుంటారు?

నీ వంటింటి కప్పు సంగతి కార్యదర్శి చెవిన వేశాను. కాదనకు. అన్నని అనిపించుకోవడానికి నాకు వేరే దారి లేదు.

నీ అన్నయ్య

*

మార్చి 31

అన్నయ్యా,

కప్పు బాగయింది. ఎలా బాగయిందో విను.

సోమవారం పొద్దున్నే ప్రభుత్వ ముద్ర ఉన్న లారీ మా సందులోకి వచ్చింది. సందు సగానికి లారీ, మిగతా సగానికి ఆరుగురు మనుషులు. నేను తలుపు తీసేలోపే ఇద్దరు కప్పు మీదున్నారు. "మేం అడగలేదండీ" అన్నాను. పెద్ద మేస్త్రీ చేతులు కట్టుకుని "మీరు అడగాలా అమ్మా?" అన్నాడు. వంటింటితో ఆపలేదు. ముందు గోడకి రంగు వేశారు. పక్కింటి రిటైర్డు బస్సు కండక్టరు గారి ఇల్లు నా ఇంటికన్నా ఎక్కువ కారుతుంది, నీకు తెలుసు. ఆయన అరుగు మీద నిలబడి సాయంత్రం దాకా చూశారు. లోపలికి వెళ్తూ "మంచిదమ్మా, మంచి మనుషులు నీకున్నారు" అన్నారు. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అన్నారు. అందుకే ఇంకా తల ఎత్తలేకపోయాను.

ఆ రంగు తడి ఆరకముందే, మర్నాడే, ప్రెస్సులో నా బల్ల మీదికి ఒక ఉత్తర్వు వచ్చింది. "విధి నిర్వహణలో నిర్లక్ష్యం వహించినందుకు" జూ పశువైద్యుణ్ణి సస్పెండ్ చేశారు. కారణం కింద నీ మాటే ఉంది, కొటేషన్ గుర్తుల మధ్య: "ఇంత పుండు మీద కట్టు కూడా లేదేంటి?" గుర్తులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డం నా పని. సరిగ్గానే ఉన్నాయి. సంతకం పెట్టాను.

ఆ వైద్యుడు ఎవరో నీకు తెలియదా? నీతో ఐదేళ్లు చదివిన జిరాఫీ. నువ్వే పెట్టిన పేరు, పొడుగని. ఇరవై ఆరేళ్ల కిందట మన ఇంటికి మూడు ఆదివారాలు వచ్చి, నాలుగో ఆదివారం నుంచి రాకుండా పోయిన మనిషి. నన్ను చేసుకుంటానని నిన్ను అడిగితే నువ్వు "వద్దు" అన్నావు. నాన్న పోయిన ఏడాది అది. ఇంట్లో నీ మాటే ఆఖరి మాట. ఎందుకని నేను అడగలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

ఇప్పుడొకటి అడుగుతున్నాను. ఆయన మీద నీకు ఇంకా ఏముంది?

బుల్లి

*

ఏప్రిల్ 9

బుల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి కూర్చుని చదివాను.

ఒట్టు, వాడు అక్కడున్నాడని నాకు తెలియదు. వెనక వరుసలో ఉన్నాడేమో. నేను అన్నది ఒక్క ప్రశ్న. కట్టు కూడా లేదేంటి అన్నాను. వాణ్ణి తీసేయమన్నానా? ఎవరికైనా చీటీ రాశానా? నాకు ఎవరినీ తీసే అధికారం లేదు. నా గదిలో కుర్చీ జరపాలన్నా సంతకం కావాలి.

ఈ పొద్దున టిఫిన్ బల్ల దగ్గర మీ వదినకి చెప్పాను. ఆమె ఫైలు చూస్తూనే వింది. చివరికి ఫైలు మూసింది.

"జూ డైరెక్టరుకి ఒక ఫోన్ చేస్తాను. మళ్లీ ఆలోచించమని అడుగుతాను, అంతే" అన్నాను.

"చెయ్యకండి."

"అడగడం కూడా తప్పేనా?"

"మీరు అడిగితే అది అడగడం కాదండీ. ఇంకా అర్థం కాలేదా మీకు?"

అర్థమైంది కానీ చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయాను. ఆమె వెళ్లాక ఫోన్ చేశాను. డైరెక్టరు నిలబడి మాట్లాడుతున్నాడని అతని గొంతులోనే తెలుస్తోంది. కొత్తగా వేసిన డాక్టరు ఏనుగు కాలికి కట్టు కట్టించిందనీ, ఫొటోలు పంపుతాననీ అన్నాడు. "కట్టు కాదండీ, పాత డాక్టరు పద్ధతే సరైనది, విప్పించండి" అన్నాను. "తప్పకుండా సార్, వెంటనే చర్య తీసుకుంటాం" అన్నాడు.

చూశావా, ఒక్క ఫోన్‌తో సరిపోయింది. ఒకటి రెండు వారాల్లో వాడి సంగతి కూడా చక్కబడుతుంది. కండక్టరు గారి కప్పు గురించి కూడా చెప్పనా?

నీ అన్నయ్య

*

ఏప్రిల్ 24

అన్నయ్యా,

కండక్టరు గారి కప్పు జోలికి వెళ్లకు. దండం పెడతాను.

డైరెక్టరు తీసుకున్న చర్య ఇది: ఆ కొత్త డాక్టరమ్మని సరిహద్దు చెక్‌పోస్టుకి బదిలీ చేశారు, లారీల్లో పోయే గేదెలని పరీక్షించడానికి. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. మొదటి రోజు డైరెక్టరు పక్కన నిలబడి మరీ కట్టు కట్టించాడు. రెండోసారి కట్టు ఎందుకు కట్టావని పంపేశాడు. ఆ బదిలీ ఉత్తర్వు కూడా నేనే దిద్దాను. నీ రెండో మాట అది. ఇప్పుడు జూలో డాక్టరే లేడు.

ఆదివారం నేను జూకి వెళ్లాను. ఏనుగుల ఆవరణ దగ్గర కంచెకి ఇవతల, పిల్లలని ఎత్తుకున్న తండ్రుల మధ్య జిరాఫీ గారు నిలబడి ఉన్నారు. జుట్టంతా తెల్లబడింది. లోపలికి వెళ్లే హక్కు లేదు కాబట్టి రోజూ టిక్కెట్టు కొనుక్కుని వస్తారట. అక్కడి నుంచి మావటికి కేకేసి చెప్తున్నారు, "నీళ్లు ఇంకొంచెం వేడిగా. కాలు పావుగంట నాననివ్వు. ఇసక తడిగా ఉంది, మార్పించు." మావటి అటూ ఇటూ చూసి తల ఊపుతున్నాడు. కట్టు వల్ల లోపల చెమ్మ చేరి పుండు ఎముక దాకా పోయిందట. ఏనుగు మూడు కాళ్ల మీద నిలబడి ఉంది.

నన్ను గుర్తుపట్టారు. బెంచీ మీద కూర్చున్నాం. నేనే అన్నాను, "అన్నయ్య మిమ్మల్ని చూడలేదటండీ. చూసుంటే అలా అనేవాడు కాదు."

ఆయన నా వైపు వింతగా చూశారు. "చూడకపోవడమేంటండీ? దగ్గరికొచ్చి 'ఒరేయ్ జిరాఫీ' అన్నాడు మెల్లగా. నాకు భలే సంతోషమేసింది. కెమెరాలవాళ్లు అప్పుడు ఇంకా మేయరు గారి దగ్గరే ఉన్నారు. వాళ్లు ఇటు తిరిగాక అన్నాడు ఆ మాట."

కోపంగా చెప్పలేదు. నాకు తెలుసనుకుని చెప్పారు. నా ముఖం చూసి, చెప్పకుండా ఉండాల్సిందేమోనని కంగారుపడ్డారు.

రెండు ప్రతులు కలవకపోతే మేం ప్రెస్సులో మూలప్రతి తెప్పించుకుంటాం. మూలం నీ దగ్గరే ఉంది.

బుల్లి

*

మే 6

బుల్లీ,

శుభవార్త. జిరాఫీ సస్పెన్షన్ మీద వేసిన విచారణ కమిటీ ముందుకి నేనే స్వయంగా వెళ్లాను. మీ వదినకి వెళ్లొచ్చాక చెప్పాను.

ఐదుగురు సభ్యులు. నేను గుమ్మంలో కాలు పెట్టగానే ఐదుగురూ లేచారు. సాక్షి కుర్చీ ఎక్కడుందని అడిగితే అధ్యక్ష స్థానంలో కూర్చోబెట్టారు. నేను మాట్లాడాను, వాళ్లు రాసుకున్నారు. ఒక్కరు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "ఆ డాక్టరు తప్పు లేదు, నా మాటని పట్టించుకోకండి" అన్నాను. కమిటీ పెద్దాయన కళ్లు తుడుచుకుని "ఇంత పెద్ద మనసు మేమెక్కడా చూడలేదు" అన్నాడు. బయటికొస్తే విలేకరులు. మర్నాడు అన్ని పేపర్లలోనూ నా వినయం గురించే.

ఉద్యోగం తిరిగి ఇస్తున్నారు. ఉత్తర్వు నీ బల్ల మీదికే వస్తుంది. నీ చేతులతోనే దిద్దుకో.

నువ్వడిగిన మిగతా సంగతి ముఖాముఖి మాట్లాడుకుందాం. ఉత్తరంలో అన్నీ రాయలేం కదా.

నీ అన్నయ్య

*

మే 13

అన్నయ్యా,

ఉత్తర్వు వచ్చింది. ఇందులోని వాక్యం ఎత్తి రాస్తున్నాను:

"అధ్యక్షురాలి భర్తగారి ఔదార్యపూర్వక సిఫారసు మేరకు, సదరు పశువైద్యుని నిర్లక్ష్యాన్ని క్షమించి, తిరిగి విధుల్లోకి తీసుకోవడమైనది."

అక్షర దోషం ఒక్కటీ లేదు. నేను సంతకం పెట్టలేదు. మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టి ఊరుకున్నాను. ఫోర్‌మన్ గారు వచ్చి "ఏమ్మా, ఏం తప్పుంది? కామాలతో సహా బాగానే ఉందిగా?" అన్నారు. "క్షమించి అని ఉందండీ. ఏం తప్పు చేశారని క్షమించారో లేదు" అన్నాను. ఆయన నా వైపు చూసి, కాగితం తీసుకెళ్లి తన సంతకంతో అచ్చుకిచ్చారు. పాపం, ఆయనకి రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది.

జిరాఫీ గారు ఉద్యోగంలో చేరలేదు. డైరెక్టరుకి నాలుగు ముక్కల ఉత్తరం రాశారట: "నేను తప్పు చేయలేదని రాస్తే వస్తాను. క్షమించారని రాశారు. రాను." నెలన్నరలోగా చేరకపోతే ఉద్యోగం పూర్తిగా పోతుంది. ముప్ఫై ఏళ్ల సర్వీసు. నేను బతిమాలాను. "ఈ కాగితంతో లోపలికి వెళ్తే రేపు ఆ మావటి నా మాట ఎందుకు వింటాడండీ?" అన్నారు.

ముఖాముఖి మాట్లాడదామన్నావు. ఎన్ని నిమిషాలు?

బుల్లి

*

మే 19

బుల్లీ,

మూలప్రతి ఇది.

ఆ రోజు వాణ్ణి చూశాను. పది అడుగుల దూరం నుంచే గుర్తుపట్టాను. మేమందరం సూట్లు వేసుకుని వరుసగా నిలబడ్డాం. వాడొక్కడే రబ్బరు బూట్లతో, చేతిలో బకెట్టుతో ఏనుగు కాలి దగ్గర ఉన్నాడు. అంతమందిలో పని ఉన్న మనిషి వాడొక్కడే. "ఒరేయ్ జిరాఫీ" అన్నాను. వాడు నవ్వాడు. "రారా, కాలు చూద్దువుగాని" అన్నాడు. నన్ను డాక్టరుగా పిలిచాడు బుల్లీ. ఐదు నెలల్లో మొదట అలా పిలిచింది పేపరు కాదు, వాడు.

కెమెరాలు తిరిగాయి. అందరూ నా ముఖం వైపు చూస్తున్నారు, ఏమైనా అంటానేమోనని. వాడి పక్కన వంగి కాలు చూస్తే వాడు డాక్టరు, నేను చూడ్డానికొచ్చిన అతిథిని. అది నాకు సహించలేదు. అందుకని వంగలేదు. నిలబడే, గొంతు పెంచి, అన్నాను ఆ మాట. నోటి నుంచి వచ్చిన మరుక్షణం తెలిసింది, అలాంటి పుండు మూయకూడదని, చీము బయటికి పోవాలని. మూడో ఏడాదిలో మా ఇద్దరికీ ఒకే మాస్టారు చెప్పిన పాఠం అది. వాడు చెప్పబోయాడు. నోరు తెరిచాడు కూడా. నేను కెమెరాల వైపు తిరిగిపోయాను.

నీకు ఒట్టు పెట్టి అబద్ధం రాశాను. కమిటీ ముందు కూడా "నా మాట పట్టించుకోకండి" అన్నానే కానీ, నేను తప్పు మాట అన్నానని అనలేదు. వాళ్లు పెద్ద మనసంటే విని, కాదనకుండా ఊరుకున్నాను. ఇంటికొచ్చి ఆ పేపర్లన్నీ చదువుకున్నాను.

నువ్వు ఇరవై ఆరేళ్లుగా అడగనిది కూడా చెప్తాను. ఆఖరి ఏడాది ప్రాక్టికల్‌లో ఒక దూడకి నేను ఊపిరితిత్తుల జబ్బన్నాను. వాడు నా తర్వాత వచ్చి, గొంతులో ముల్లుందన్నాడు. మాస్టారు ముల్లు తీసి, అందరి ముందూ నా చేతిలో పెట్టాడు. అంతే. అంతకుమించి వాడి మీద నాకేమీ లేదు. వాడు నీ భర్తయితే ప్రతి ఆదివారం మన ఇంట్లో నాకన్నా మంచి డాక్టరు కూర్చుంటాడు. అందుకు వద్దన్నాను. నీకు మాత్రం "వాడి కుటుంబం మనకి సరిపడదు" అన్నాను. వాడి కుటుంబం గురించి నాకేమీ తెలియదు. నువ్వు ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పవని తెలిసే అన్నాను.

దీనితో పాటు ఇంకో కాగితం పెట్టాను. జూలో జరిగింది మాత్రం అందులో ఉంది. కాలు నేను దగ్గరగా చూడలేదని, వాడి వైద్యం సరైనదని, నా మాట తప్పని, ఆ తప్పు నాకు అప్పుడే తెలుసని. కింద అధ్యక్షురాలి భర్త అని లేదు. నా పశువైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు వేసి సంతకం చేశాను. వాడికివ్వు. ఎవరికి చూపించుకుంటాడో వాడిష్టం.

పంపేముందు మీ వదినకి రెండూ చూపించాను. నిలబడే చదివింది. చదువుతుంటే ఆమె ముఖం చూడలేక గోడ మీద ఉన్న ఎవరో పాత అధ్యక్షుడి పటం చూశాను.

"ఇది బయటికొస్తే నన్ను కూడా అంటారు" అంది.

"తెలుసు."

"నేను చెప్పొద్దన్నాక ఫోన్ చేశారు. అదీ అంటారు."

"అదీ తెలుసు."

కాగితాలు మడిచి నా చేతికిచ్చింది. "పంపండి" అంది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండానే, "ఆ చెక్‌పోస్టు అమ్మాయి సంగతి ఇందులో లేదు. ఆమెని మర్చిపోయారా?" అంది.

మర్చిపోయాను, బుల్లీ. సిగ్గేసింది. కూర్చుని అది కూడా రాసి కలిపాను.

అన్నయ్య

*

జూన్ 15

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చాక నెల దాకా రాయలేకపోయాను. రాయాలనిపించలేదనడం నిజం. "నువ్వు ఎదురు చెప్పలేదు" అన్న చోట ఆగిపోయేదాన్ని. ఆ రోజు నువ్వు ఆయనకి వద్దని చెప్తుంటే నేను వంటింట్లో ఉండి అంతా విన్నాను. బయటికొచ్చి "నాకు కావాలి" అనుంటే ఏమయ్యేదో. అనలేదు. ఆ వాటా నాది, అది నీకివ్వను.

నీ రెండో కాగితం జిరాఫీ గారికిచ్చాను. ఆయన అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. తర్వాత ప్రెస్సు పక్క కొట్లో ఐదు నకళ్లు తీయించి, కమిటీలో ఒక్కొక్కరికీ ఒకటి స్వయంగా ఇచ్చొచ్చారు. పేపర్లకి ఆయన ఇవ్వలేదు. కమిటీ నుంచే పొక్కింది. ఆ మూడు రోజులూ నువ్వు పేపరు చూశావో లేదో. నీ నోటికి నువ్వే కట్టు కట్టుకుంటున్న బొమ్మ వేశారు. ఫోర్‌మన్ గారు ఆ పేజీ నాకు చూపించలేదు. ఇంకెవరో చూపించారు. అసెంబ్లీలో వదినని గంటన్నర నిలబెట్టి అడిగారు. "నా భర్త అన్న మాట తప్పు. దాన్ని ఆజ్ఞ అనుకున్న అధికారులది ఇంకో తప్పు. అనుకునేలా నడిచిన ఈ ప్రభుత్వం నాది" అంది. రేడియోలో విన్నాను.

పన్నెండో తారీకున కొత్త ఉత్తర్వు వచ్చింది. "ఎట్టి నిర్లక్ష్యమూ జరగలేదని తేలినందున, సస్పెన్షన్ ఉత్తర్వు మొదటి నుంచీ చెల్లదు." ఒక కామా ఎక్కువుంటే తీసేసి సంతకం పెట్టాను. ఆయన మాత్రం ఆ డాక్టరమ్మ బదిలీ రద్దయ్యేదాకా చేరనని ఇంకో రెండు రోజులు కూర్చున్నారు. అదీ రద్దయింది. నిన్న ఇద్దరూ చేరారు. చేరీ చేరగానే ఏనుగుకి ఒక గోరు, దాని కింది ఎముక ముక్క తీసేయాల్సి వచ్చింది. ఇకమీదట కుంటుతుందట. బతుకుతుంది.

మా అన్నయ్యకి ఏమైనా రాయమంటారా అని ఆయన్ని అడిగాను. "క్షమించానని మాత్రం రాయకండి. ఇంకా క్షమించలేదు. కానీ కాగితం బాగా రాశాడు, అది రాయండి" అన్నారు. రాశాను.

మరొకటి. వచ్చే నెల మొదటి శుక్రవారం మేమిద్దరం రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్తున్నాం. నాకు యాభై రెండు, ఆయనకి యాభై ఏడు. మావటీ, కండక్టరు గారూ సాక్షి సంతకాలు పెడతారు. నిన్ను పిలవడం లేదు అన్నయ్యా. నువ్వొస్తే ముందు కుక్క వస్తుంది, తర్వాత లారీ వచ్చి రిజిస్ట్రారు ఆఫీసుకి రంగు వేస్తుంది. ఆ రోజు అందరూ నీ వైపే చూస్తారు. ఒక్క రోజు వాళ్లని నన్ను చూడనివ్వు.

ఈ ముక్క రాయడానికే నెల పట్టిందేమో.

బుల్లి

*

జూన్ 24

బుల్లీ,

పిలవకపోవడమే సబబు. ఈ వాక్యం రాయడానికి పొద్దుటి నుంచి మూడు కాగితాలు చింపాను. మొదటిదాంట్లో ఉదారంగా రాశాను, రెండోదాంట్లో ఏడ్చాను. రెండూ నా గురించే ఉన్నాయని చింపేశాను. నువ్వు సుఖంగా ఉండాలి. వాడు కూడా.

ఆ డాక్టరమ్మకి వేరుగా ఉత్తరం రాశాను. క్షమాపణ చెప్పి, చివర్లో అలవాటు కొద్దీ, ఎక్కడైనా నా మాట సాయం కావాలంటే మొహమాటపడవద్దని రాశాను. నిన్న జవాబొచ్చింది. మొత్తం ఇంతే:

"అయ్యా, మీ ఉత్తరం అందింది. చెక్‌పోస్టులో రెండు వేల గేదెలని చూశాను, కొంత పని నేర్చుకున్నాను. ఇకమీదట దయచేసి నా పేరు ఎక్కడా ఎత్తవద్దని మనవి. మంచిగా కూడా."

"మంచిగా కూడా" కింద గీత గీసింది. ఆ పిల్లకి పాతికేళ్లు ఉండవు. మీ వదినకి చూపించాను. చదివి, నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. తర్వాత ఎవరో పిలిస్తే వెళ్లింది.

ఇప్పుడు ఏ సభలోనైనా నోరు తెరిచేముందు ఎదుటివాళ్ల చేతుల వైపు చూస్తున్నాను. ప్రతి చేతిలోనూ ఒక పెన్ను. నేను దగ్గినా రాసుకునేలా ఉన్నారు. ఇన్నాళ్లూ అది గౌరవమనుకున్నాను.

రేపు ఒక వంతెన ప్రారంభోత్సవం. వెళ్లక తప్పదు, రిబ్బను కత్తిరిస్తాను. ఎలా ఉందండీ వంతెన అని ఎవరో ఒకరు అడుగుతారు, ఎప్పుడూ అడుగుతారు. దాన్ని కట్టినవాళ్లు ఎక్కడో వెనక నిలబడి ఉంటారు. వాళ్లని అడగమంటాను. వాళ్లు చెప్పేదాకా అక్కడే నిలబడి వింటాను.

అన్నయ్య